బడి పద్దు ఎవరి చేతిలో?

రాజమహేంద్రవరంలో ఒక మున్సిపల్ ప్రాథమికోన్నత పాఠశాల ఉందనుకుందాం. ఒకటి నుంచి ఐదు వరకు 120 మంది, ఆరు నుంచి ఎనిమిది వరకు 60 మంది, వెరసి 180 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు. ఈ బడి మీద ఏడాదికి ఎంత ఖర్చవుతోందండీ అని హెచ్‌ఎంని అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండదు. ఎంఈఓని అడిగినా అంతే. జీతాల లెక్క ట్రెజరీలో ఉంటుంది. వంట ఖర్చు మధ్యాహ్న భోజనం పద్దులో, పుస్తకాలూ యూనిఫాం సమగ్ర శిక్షలో, మరుగుదొడ్ల శుభ్రత మరో నిధిలో. గోడలూ శ్లాబూ నగరపాలక సంస్థ ఆస్తి. మున్సిపల్ బళ్ల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు బదిలీ అయింది గానీ స్థలాలూ భవనాలూ మున్సిపాలిటీలవిగానే మిగిలాయి. వానాకాలంలో శ్లాబు కారితే అర్జీ ఎవరికి పెట్టాలన్నదే హెచ్‌ఎంకి మొదటి ప్రశ్న.

హెచ్‌ఎం గారి బీరువాలో ఉండే క్యాష్ బుక్‌లోకి వచ్చేది వీటన్నిటిలోకీ చిన్న పద్దు. దాని పేరు కాంపోజిట్ స్కూల్ గ్రాంటు. సమగ్ర శిక్ష నియమాల ప్రకారం పిల్లల సంఖ్యను బట్టి ఇది వస్తుంది: 30 మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1000 వరకు 75,000, ఆపైన లక్ష. మన 180 మంది బడికి 50,000. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలని నిబంధన. మిగిలిన 45,000ను పిల్లల మీద పంచితే తలకి 250 రూపాయలు. పది నెలల బడికి నెలకు 25. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, ఇంటర్నెట్, తాగునీటి మోటారు రిపేరు, ప్రయోగాల సామగ్రి, ఆగస్టు 15కి జెండా తాడు, పిల్లలకు బిళ్లలు, అన్నీ ఇందులోంచే. ఆటల సామానుకి ప్రాథమికోన్నత బడికి విడిగా 10,000 ఉంటుంది. గ్రంథాలయానికి వేరే చిన్న మొత్తం.

అదే బడిలో వంట లెక్క చూడండి. 2025 మే నుంచి ప్రధానమంత్రి పోషణ్ పథకం కింద వంట ఖర్చు ప్రాథమిక తరగతుల పిల్లకి రోజుకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకి 10 రూపాయల 17 పైసలు. అందరూ వచ్చి తిన్న రోజున 1,423 రూపాయల 80 పైసలు. 220 పనిదినాలకు 3,13,236. బియ్యం, గుడ్డు, చిక్కీ, వంటమనిషికి నెలకిచ్చే 3,000 గౌరవ వేతనం ఇందులో కలపలేదు. ఇక జీతాలు. ఒక్కో టీచరుకు సగటున 60,000 అని తక్కువగా వేసుకున్నా ఏడాదికి 43,20,000. హెచ్‌ఎం తన ఇష్టప్రకారం, తల్లిదండ్రుల కమిటీ తీర్మానంతో ఖర్చు పెట్టగలిగే 50,000 జీతాల పద్దులో నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు.

ఇంత చిన్న సొమ్ముకు బడ్జెట్ ప్రణాళిక ఎందుకు అనిపించవచ్చు. నా ఉద్దేశంలో సమస్య అంతా ఇక్కడే ఉంది. బడికి డబ్బు తక్కువ ఇస్తున్నారన్న ఫిర్యాదు పాతది, కొంతవరకు నిజం కూడా. దాని చాటున మరుగున పడుతున్నవి రెండున్నాయి. వచ్చే డబ్బు ఏ నెలలో వస్తుంది? దాన్ని ఎక్కడ వాడాలో నిర్ణయించేది ఎవరు? గోదావరి జిల్లాలకు ఈ రెండు ప్రశ్నలూ కొత్తవేం కావు. ఈ గడ్డ మీద నూట డెబ్భై ఏళ్లుగా నలుగుతున్నవే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాలో పంట నిలవడం, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైన రోజులవి. రాజమండ్రి సబ్ కలెక్టరుగా నరసాపురంలో ఉండి పనిచేసిన జి.ఎన్. టేలర్ అక్కడొక బడి పెట్టించాడు. తర్వాత పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో శాఖలు వచ్చాయి. వాటిని నడపడానికి రైతులు శిస్తు మీద కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. అప్పటి రికార్డుల్లో వీటిని రేట్ స్కూళ్లు అన్నారు. సర్కారు ఖజానా నుంచి పైసా కోసం ఎదురు చూడకుండా, ఊరి పన్నుతో ఊరి బడి నడవడం మద్రాసు రాజధానిలో వింతగా తోచింది. ఆ వసూలుకు చట్టం అండ కావలసి వచ్చి 1863లో మద్రాసు విద్యా చట్టం చేశారు. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చాక బడి పన్ను రోడ్లతో, ఆసుపత్రులతో కలిసి పెద్ద సంచిలో పడింది.

ఆ రైతులు నిజంగా మనసారా ఒప్పుకున్నారా అన్న అనుమానం అప్పట్లోనే ఉంది. సబ్ కలెక్టరు దొర అడిగితే కాదనే కరణం ఎవడు? ఒప్పుకోలు సంగతి ఎలా ఉన్నా ఆ ఏర్పాటులో ఒక సుగుణం ఉంది. ఆచంట రైతు కట్టిన అదనపు శిస్తు ఆచంటలోనే పంతులు జీతమై కనిపించేది. పంతులు రాకపోతే అడిగే హక్కు తనకుందని రైతుకు తెలుసు. అంతకుముందున్న వీధిబడిలోనూ అంతే. నెల జీతం, పండక్కి ధాన్యం, దసరాకి పిల్లలు గిలకలు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే వచ్చే మామూళ్లు, ఇవే అయ్యవారి ఆదాయ పద్దులు. లెక్క పుస్తకం లేకపోయినా ఆ పద్దు ఊరందరికీ తెలుసు.

ఇవాళ కూడా విద్యకు సెస్సు కడుతూనే ఉన్నాం. 2004లో కేంద్రం 2 శాతంతో మొదలుపెట్టింది. 2018 నుంచి ఆరోగ్యం, విద్య కలిపి 4 శాతం. దేవీచౌక్‌లో కొట్టు పెట్టుకున్న వ్యాపారి ఆదాయపు పన్నుతో పాటు కట్టిన ఆ సెస్సు ఢిల్లీకి వెళ్లి, సమగ్ర శిక్షగా, పోషణ్‌గా రూపం మార్చుకుని, రాష్ట్రం 40 శాతం కలిపాక, విజయవాడ మీదుగా రాజమండ్రి తిరిగి వస్తుంది. వచ్చేసరికి అది ఎవరి డబ్బో గుర్తుపట్టే వీలుండదు. సెస్సును రాష్ట్రాలకు వాటాగా పంచక్కర్లేదు కనక కేంద్రానికి అది సుళువు. పథకం రూపంలో వస్తే దాని షరతులూ దానితోనే వస్తాయి.

కాంపోజిట్ గ్రాంటు స్లాబుల లెక్కకు తిరిగి వద్దాం. పైకి సబబుగా కనిపించే ఆ పట్టికను తలసరి లెక్కలోకి మార్చి చూస్తే విడ్డూరంగా ఉంటుంది. 30 మంది పిల్లలున్న బడికి తలకి 333 రూపాయలు. ఇంకొక్క పిల్ల చేరితే తలకి 806. నూరు మంది ఉంటే 250, నూట ఒకటైతే 495. వెయ్యి మంది కిక్కిరిసిన పట్నం హైస్కూలుకు తలకి 75 రూపాయలు. చిన్న బడికి స్థిర ఖర్చులు తప్పవు కనక తలసరి కొంత ఎక్కువ ఉండాల్సిందే, దాన్ని కాదనను. 806కీ 75కీ ఉన్న తేడాకు మాత్రం ఆ సమర్థన చాలదు. వెయ్యి మంది వాడే మరుగుదొడ్ల కుళాయిలు ముప్పై మంది వాడేవాటి కంటే ఎంత తొందరగా పాడవుతాయో వాచ్‌మన్‌ని అడిగినా చెబుతాడు.

ఈ పట్టిక మీద 2022లో వచ్చిన 117వ నంబరు జీవో ఏం చేసిందో చూడండి. మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించమన్న ఉత్తర్వది. 55 మంది పిల్లలున్న ఒక ప్రాథమిక పాఠశాలకు అంతవరకు 25,000 వచ్చేది. మూడు తరగతుల 33 మంది వెళ్లిపోతే మిగిలిన 22 మందికి 10,000. ఆ 33 మంది చేరిన హైస్కూల్లో సంఖ్య 600 నుంచి 633 అయింది. దాని గ్రాంటు మాత్రం 75,000 దగ్గరే ఉంది. పిల్లలు ఒక్కరు కూడా తగ్గలేదు, మొత్తం మీద 15,000 తగ్గాయి. చిన్న బడి కరెంటు మీటరు కనీస చార్జీ తగ్గిందా అంటే, లేదు. ఆ జీవోను 2025లో వెనక్కి తీసుకుని బళ్లను మళ్లీ కొత్త రకాలుగా విభజించారు. తరగతులు ఎక్కడుండాలన్న చర్చ ఏళ్ల తరబడి జరిగింది. ఆ మార్పుతో బడి పద్దు ఏమవుతుందన్న లెక్క ఆ చర్చలో పెద్దగా వినపడలేదు.

ఇప్పుడు నెలల సంగతి. బడికి ఖర్చు జూన్‌లో మొదలవుతుంది. జూన్ 12న తలుపులు తెరిచేసరికి సున్నం, రిజిస్టర్లు, బోర్డుకు రంగు, చెత్త ఎత్తిపోత కావాలి. జులై, ఆగస్టులు గోదావరికి వరద నెలలు. 2022 జులై నాటి వరద లాంటిది వస్తే లంక గ్రామాల బళ్లలో బురద కడగడానికే కూలీలు కావాలి. డబ్బు ఆ నెలల్లో రాదు. గ్రాంట్లు ఆర్థిక సంవత్సరం రెండో సగంలో, చాలాసార్లు చివరి నెలల్లో బడికి చేరతాయన్నది దేశమంతటా తెలిసిన సంగతే. ఢిల్లీకి చెందిన అకౌంటబిలిటీ ఇనిషియేటివ్ సంస్థ పైసా పేరుతో 2009 నుంచి చేసిన సర్వేలు కూడా ఇదే చెప్పాయి. ఈలోపు హెచ్‌ఎం చేతి నుంచి పెట్టుకోవాలి, లేదా కొట్టువాడి దగ్గర అరువు పెట్టాలి.

2021 జులై నుంచి కేంద్ర పథకాల డబ్బుకు ఒకే నోడల్ ఖాతా పద్ధతి వచ్చింది. బడి ఖాతాలో సొమ్ము ఉండదు, ఇంత వరకు తీసుకోవచ్చన్న పరిమితి మాత్రం కంప్యూటర్‌లో కనిపిస్తుంది. బ్యాంకుల్లో ఊరికే మురిగిపోతున్న నిధులకు ఇది మందు. నిజాయితీగా చెప్పాలంటే అవసరమైన మందే. దీని పక్క ప్రభావం బడి మీద పడింది. మార్చి 31 దాటితే వాడని పరిమితి పోతుంది. ఫిబ్రవరి ఆఖర్లో పరిమితి తెరుచుకుని మార్చి ఆఖర్లో మూసుకుంటే మధ్యలో పదో తరగతి పరీక్షలు.

ఆ నాలుగు వారాల్లో ఏం జరుగుతుందో స్టాఫ్ రూముల్లో ఎవరినడిగినా చెబుతారు. ముందు కమిటీ సమావేశం పెట్టి తీర్మానం రాయించాలి. చైర్‌పర్సన్ సాధారణంగా ఒక పిల్లవాడి తల్లి, కూలికో ఇళ్లల్లో పనికో వెళ్లే మనిషి. సంతకానికి ఆమె పని మానుకుని రావాలి. జీఎస్‌టీ బిల్లు ఇచ్చే కొట్లోనే కొనాలి. మోటారు బాగుచేసిన మెకానిక్ దగ్గరా, బెంచీలు మోసిన ఆటో అతని దగ్గరా బిల్లు పుస్తకం ఉండదు. వాళ్లకిచ్చింది చేతి వోచరు మీద రాయాలి, 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించాలి. తర్వాత సర్కారు చెల్లింపుల పోర్టల్ పీఎఫ్‌ఎంఎస్‌లో చెల్లింపు ఎక్కించి, ప్రింటు తీసి, బ్యాంకుకు పట్టుకెళ్లాలి. క్యాష్ బుక్‌లో ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు, స్టాక్ రిజిస్టర్‌లో సరుకు నమోదు, ఆఖరికి వినియోగ ధ్రువపత్రం. ఇంత తతంగం నాలుగు వారాల్లో ముగియాలంటే ఏం కొంటారు? బిల్లు దొరికేవి కొంటారు. తెల్ల కాగితాల రీములు, ఫైళ్లు, గోడ చార్టులు, ఒక ప్రింటరు. జూన్‌లో కావలసిన కుళాయి వాషర్లు ఆ జాబితాలో ఉండవు. దీన్ని అవినీతి అనడం అన్యాయం. ఆ తేదీలకు అంతకంటే మంచి ఖర్చు కుదరదు.

బడి గ్రాంట్ల మీద మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సహకారంతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వంటి ఆర్థికవేత్తలు కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు రెండేళ్లపాటు పిల్లల సామగ్రి కోసం గ్రాంటు ఇప్పించారు. జాంబియా అనుభవంతో కలిపి ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. మొదటి ఏడాది, ఎవరూ అనుకోకుండా డబ్బు వచ్చినప్పుడు, పిల్లల చదువు మెరుగుపడింది. రెండో ఏడాది అదే డబ్బు వస్తుందని ఇళ్లలో ముందే తెలిసిపోయింది. బడి నోటు పుస్తకాలిస్తుంది కదా అని తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. చదువులో ఆ ఏడాది చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

దీన్ని చూపించి గ్రాంట్లు దండగ అనేవాళ్లున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. పేదింటికి ఆ ఏడాది నోటు పుస్తకాల ఖర్చు మిగిలింది, అదీ మేలే. కాకపోతే బడ్జెట్ వేసే హెచ్‌ఎం నేర్చుకోవలసింది ఒకటుంది: ఇంట్లో కొనగలిగే వస్తువు మీద బడి గ్రాంటు పెడితే ఇంటి ఖర్చు తగ్గుతుంది, చదువు పెరగదు. ఏ ఇల్లూ విడిగా కొనలేని వస్తువు మీద పెడితే ఆ డబ్బు బడిలోనే నిలుస్తుంది. తాగునీటి ఫిల్టరు, తరగతి గదిలో నాలుగో ఫ్యాను, కథల పుస్తకాల బీరువా, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ. ఈ గడియ ఖరీదు నూట యాభై ఉండదు. అది లేక బడికి నీళ్లు తాగకుండా వచ్చే పిల్లలున్నారు.

తల్లిదండ్రుల కమిటీకి ఎక్కువ డబ్బు ఇస్తే నెగ్గుకు రాగలదా? దీనికి బళ్ల బాగుచేత పథకం మనబడి నాడు–నేడు జవాబు. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన తొలి విడతలో 15,715 బళ్లు ఉన్నాయి. కాంట్రాక్టరు లేకుండా తల్లిదండ్రుల కమిటీయే హెచ్‌ఎంతో కలిసి సిమెంటు, ఇసుక, మేస్త్రీ లెక్కలు చూసింది. ఫ్యాన్లు, బెంచీలు, రంగులు, గ్రీన్ బోర్డులు రాష్ట్ర స్థాయిలో కొని పంపారు. ప్రతి రూపాయీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. నాలుగు సుద్దముక్కల పెట్టెల లెక్క తప్ప చూడని హెచ్‌ఎంలు లక్షల రూపాయల పని చేయించారు. ఆ ఒత్తిడికి విసిగినవాళ్లూ ఉన్నారు, పాఠం మానేసి పని దగ్గర నిలబడ్డామని చెప్పినవాళ్లూ ఉన్నారు. అయినా ఆ విడతలో పూర్తయిన మరుగుదొడ్లు, ప్రహరీలు కళ్లెదుట ఉన్నాయి. రెండో విడతను 2021 ఆగస్టు 16న మన కోనసీమ పి.గన్నవరంలోనే ప్రారంభించారు. ఆ విడత దగ్గర డబ్బు ఆగింది. శ్లాబు దాకా లేచి నిలిచిపోయిన గదులు, బాకీ అడుగుతూ హెచ్‌ఎంకి ఫోన్లు చేసే సిమెంటు కొట్లవాళ్లు, ఇవి చాలా ఊళ్ల కథ. కమిటీలు చేతకాక పని ఆగలేదు. పైనుంచి వాయిదా రాక ఆగింది.

పి.గన్నవరం పేరు వచ్చింది కనక ఒక చిన్న పక్కమాట. ఆ మండలంలోని లంకల గన్నవరంలో ఆకలన్న ప్రతివాడికీ వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే 2024 నుంచి మధ్యాహ్న బడి భోజనానికి పెట్టారు. పేరు పెట్టడం చక్కని పని. ఆవిడ ఇంట్లో సరుకు ఎప్పుడూ అరువు మీద రాలేదని చెప్పలేం గానీ, ఇప్పటి వంట ఏజెన్సీ మహిళలు మాత్రం ఏటా అరువు మీదే వండుతున్నారు. బిల్లు రెండు నెలలు ఆలస్యమైతే కిరాణా కొట్లో పద్దు పెరుగుతుంది, పప్పు పలచబడుతుంది. పథకం పద్దులో ఆ వడ్డీకి గడి లేదు.

సర్కారు బళ్లు అవతల పెడితే రాజమండ్రికి దాతల బళ్ల చరిత్ర గొప్పది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టినప్పుడు చందాలే దిక్కు. చందా మీద బడి నడపడం ఎంత కష్టమో తెలిసిన మనిషి కాబట్టే కావచ్చు, 1906లో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి తన ఆస్తి దానికి రాసిచ్చారు. ఆస్తి నుంచి వచ్చే రాబడితో బడి నడవాలన్నది ఆ ఆలోచన. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో దళిత పిల్లల కోసం పెట్టిన రామమోహన పాఠశాల వెనక ఇలాంటి ఆస్తి లేదు, ఆయన కలం సంపాదనా పట్టుదలా ఉన్నాయి. శాశ్వత నిధి ఉన్న సంస్థ మిగలడం, లేనిది వ్యక్తితో ముగియడం రెండూ ఈ ఊళ్లోనే చూశాం. ఇంకో విచిత్రం: విగ్రహారాధనను ఎదిరించిన వీరేశలింగం ఆస్తి ఇప్పుడు దేవాదాయ శాఖ పాలనలో ఉంది.

శాశ్వత నిధి ఉన్న బడికీ జీతాల భారం మోయడం కష్టం. అందుకే ఎయిడెడ్ పద్ధతి వచ్చింది. 1854 నాటి వుడ్ తాఖీదు నుంచి మొదలైన గ్రాంట్–ఇన్–ఎయిడ్‌లో యాజమాన్యం భవనం చూసుకుంటుంది, టీచరు జీతం సర్కారు ఇస్తుంది. మిషనరీ బళ్లు, ట్రస్టు బళ్లు, కులసంఘాల బళ్లు ఇలాగే బతికాయి. ఖాళీ అయిన పోస్టులు దశాబ్దాలుగా నింపక ఇవి నీరసించాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ టీచర్లను అప్పగించమని, వీలైతే ఆస్తులతో సహా అప్పగించమని, లేదా ప్రైవేటుగా నడుపుకోమని చెప్పింది. ఎయిడ్ పోతే ఫీజులు వేయాలి, ఫీజు కట్టలేని పిల్లలు ఎక్కడికి పోవాలని చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ నవంబరుకల్లా ఇచ్చిన అంగీకారాన్ని యాజమాన్యాలు వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వం సవరించుకుంది. ఒక బడి ఆదాయంలో అతి పెద్ద పద్దు ఒక్క ఉత్తర్వుతో ఉండడం, ఊడడం జరిగితే ఆ యాజమాన్యం మూడేళ్ల ప్రణాళిక ఎలా వేస్తుంది?

ప్రైవేటు బడి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ రాబడి ఒక్కటే, ఫీజు. 1994 నాటి ఒకటో నంబరు జీవో ఫీజు ఎలా పంచాలో రాసింది. సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం బడి అభివృద్ధికి, 15 శాతం టీచర్ల ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, బీమాల్లో యాజమాన్యం వాటాకు, 5 శాతం యాజమాన్యానికి. 2021 ఆగస్టులో పాఠశాల విద్యా నియంత్రణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం నగరపాలక సంస్థల్లో ఐదో తరగతి దాకా 12,000, ఆరు నుంచి పది దాకా 18,000 గరిష్ఠ ఫీజుగా ఖరారు చేసింది. ఆ డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కొట్టేసిన సంఖ్యే అయినా లెక్క నేర్చుకోవడానికి పనికొస్తుంది.

రాజమండ్రిలో ఒక చిన్న ప్రైవేటు హైస్కూలు, 300 మంది పిల్లలు, అందరూ 18,000 పూర్తిగా కట్టారు అనుకుందాం. రాబడి 54 లక్షలు. జీతాలకు 27 లక్షలు, అంటే నెలకు 2,25,000. పదిహేను మంది టీచర్లుంటే తలా 15,000, ఆయా, అటెండరు జీతం అందులోంచే తీస్తే ఇంకా తక్కువ. నిర్వహణకు 8,10,000, నెలకు 67,500. ఊరి నడిబొడ్డున మూడంతస్తుల భవనం అద్దె, కరెంటు దీనిలోంచి పోవాలి. నిజజీవితంలో 300 మందీ పూర్తిగా కట్టరు. సంక్రాంతి దాటాక కొందరి బకాయి, వేసవిలో కొందరు బడి మారడం మామూలే. అప్పుడు మొదట కోత పడేది 15 శాతం ప్రావిడెంట్ ఫండ్ పద్దు మీద, తర్వాత ఏప్రిల్, మే జీతాల మీద. పెద్ద కార్పొరేట్ బళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల లెక్క వేరు. వీధి చివర బడ్జెట్ స్కూలు మాత్రం టీచరు జీతంతోనే తన లోటు పూడ్చుకుంటోంది. విద్యాహక్కు చట్టం కింద నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకిస్తే సర్కారు తిరిగి చెల్లించాలి. అది ఎప్పుడొస్తుందన్నది వాళ్లకీ జూన్ నాటి ప్రశ్నే.

ఇన్ని రకాల బళ్లలోనూ కనిపించే లోపం ఒకటే. ఖర్చు రోజూ చూసే మనిషి చేతిలో నిర్ణయం లేదు, నిర్ణయించే కుర్చీకి బడి క్యాలెండర్ తెలియదు. ఇంగ్లండు 1988 విద్యా సంస్కరణల చట్టంతో బడ్జెట్‌లో చాలా భాగాన్ని బడి పాలకవర్గానికే అప్పగించింది. మిగిలిన డబ్బు మరుసటి ఏడాదికి తీసుకెళ్లే వీలుంది. అక్కడ హెడ్‌మాస్టర్లు అకౌంటెంట్లు అయిపోతున్నారన్న గోల ఉంది. ఇక్కడ ఆరుగురు టీచర్ల బడిలో జీతాల పద్దు అప్పగించమని నేను అనను. 010 పద్దు కింద ఒకటో తారీకు జీతం ట్రెజరీ నుంచి రావడం టీచర్లు పోరాడి సాధించుకున్న భద్రత.

అప్పగించదగ్గ సొమ్ము వేరే ఉంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చిన అమ్మఒడి రోజుల్లో 15,000లో ముందు 1,000, తర్వాత 2,000 మరుగుదొడ్లకూ బడి నిర్వహణకూ అని మినహాయించారు. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనంలోనూ తల్లి ఖాతాలో 13,000 వేసి మిగతా 2,000 బడుల నిర్వహణకని కలెక్టర్ల ఖాతాలకు పంపారు. మన 180 మంది బడిలో అందరు తల్లులూ అర్హులైతే ఆ మినహాయింపు 3,60,000 అవుతుంది. కాంపోజిట్ గ్రాంటుకు ఏడు రెట్లు! ఆయాకు నెలకిచ్చే 6,000, ఫినాయిలు, చీపుళ్లు పోను కూడా అందులో గణనీయంగా మిగలాలి. ఇది తల్లుల పేరు మీద కోసిన డబ్బు. ఆచంట రైతు అదనపు శిస్తు లాంటిదే, ఒకరకంగా. తమ బడి పేరున ఎంత జమ అయింది, ఎంత ఖర్చయింది అన్న రెండు అంకెలు తల్లులకు చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

చట్టంలో చోటు ఇప్పటికే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షన్, దాని కింది నియమాల ప్రకారం ఆ కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక వేయాలి, సంవత్సరాల వారీ లెక్కలతో, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు. అంటే డిసెంబరు 31 లోపు. 2024 ఆగస్టులో కమిటీల ఎన్నికలు జరిగాయి. ఆ డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ముగ్గులు, ఆటల పోటీలు, భోజనాలు బాగానే జరిగాయి. డిసెంబరు మొదటి వారమంటే ప్రణాళిక గడువుకు సరిగ్గా సరిపోయే తేదీ. ఆ రోజున బడి గోడ మీద ఒక కాగితం అంటించవచ్చు. కాంపోజిట్ గ్రాంటు ఇంత, ఆటలకు ఇంత, వంట బిల్లు ఇంత వచ్చింది ఇంత రావాలి, తల్లికి వందనం నుంచి మన బడి వాటా ఇంత, జీతాలు ఇంత, దాతలిచ్చింది ఇంత. దాని కింద వచ్చే ఏడాదికి ముందు కావలసిన మూడు పనులు, వాటి అంచనా. ఇది రాయడానికి హెచ్‌ఎంకి ఒక పూట చాలు, అంకెలు ఆయన చేతికి ఇస్తే.

ఆ అంకెలు ఇవ్వడం, వాడని పరిమితిలో కొంత భాగాన్ని జులై దాకా నిలిపి ఉంచడం, కాంపోజిట్ గ్రాంటులో సగమైనా జూన్ మొదటి వారంలో విడుదల చేయడం, ఈ మూడూ పై ఆఫీసుల పనులు. మొదటిదానికి జిల్లా విద్యాశాఖాధికారి సర్క్యులర్ ఒకటి చాలు. మిగతా రెండిటికీ ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. అక్కడే ఫైలు ఆగుతుంది. ఎందుకంటే మార్చి 31 అన్నది ఖజానాకు ఏడాది ముగింపు, బడికి అది పదో తరగతి పరీక్షల కాలం. ఆ పై ఆఫీసులు కూడా ఒకే ఊళ్లో లేవు. తూర్పు గోదావరి జిల్లా 2022 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం కేంద్రంగా కొత్తగా ఏర్పడింది, జిల్లా పరిషత్ మాత్రం ఇంకా కాకినాడలోనే ఉంది. జెడ్పీ హైస్కూలు హెచ్‌ఎం ఒక సంతకానికి ఇటూ, మరో సంతకానికి అటూ తిరుగుతున్నారు. ఆ ప్రయాణం చార్జీలు కూడా ఏ పద్దులోనూ పడవు.